వాన అప్పు

వానలు మొహం చాటేస్తే ఏం చెయ్యాలో మనకి బాగా తెలుసు. విరాటపర్వం చదివిస్తాం. గర్భగుడిలో లింగం మునిగేదాకా బిందెలతో నీళ్లు పోస్తాం. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతాం. పెద్ద దేవస్థానాలైతే వరుణయాగాలే చేయిస్తాయి. వాన వచ్చిన రోజున చెయ్యవలసిన క్రతువు మాత్రం మన వాడుకలో కనపడదు. అడిగేటప్పుడు ఊరంతా ఒకటవుతుంది, అందిన తరవాత ఎవరి చూరు వాళ్లది. ఈ తేడా వెనక ఒక నమ్మకం ఉంది. వాన పైవాడు వేసే భిక్ష, పడ్డచోటు ఎవరిదైతే నీరూ వాళ్లదే అన్నది ఆ నమ్మకం. నా పేచీ దానితోనే. వాన వరం కాదు, సొత్తు అసలే కాదు. అది అప్పు. ఈ ఆలోచనకి మన గ్రంథాల్లో గట్టి పునాది ఉంది. పుణ్యం అనే భావన దాని మీద పెరిగి దాన్ని కనపడకుండా చేసింది. నీటి విధానం గురించి మనం మాట్లాడే మాటలు చాలామటుకు పుణ్యం భాషలోనే సాగుతున్నాయి. ఇంకుడుగుంత తవ్వమని బతిమాలడం, తవ్వినవాణ్ణి సన్మానించడం, తవ్వనివాణ్ణి వదిలెయ్యడం, అన్నీ ఆ భాషలోవే.

ఈ వాదనని పరీక్షించడానికి అనంతపురం కన్నా విజయనగరం జిల్లా కొత్తవలసే మంచి చోటు. కరువు సీమలో నీటి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. విజయనగరం జిల్లాలో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అనంతపురంలో పడేదానికి దాదాపు రెట్టింపు. నైరుతి చిన్నచూపు చూసినా అక్టోబరులో బంగాళాఖాతం ఊరుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాని ఊడ్చేసింది. ఇంత వాన పడే నేలలో ఏప్రిల్, మే నెలలొచ్చేసరికి బోర్లు అడుగంటడం వింతగా తోస్తుంది గాని, నేల తీరు చూస్తే వింతేమీ లేదు. తూర్పు కనుమలకీ సముద్రానికీ మధ్య ఇక్కడ ఉన్నది సన్నని పట్టీ. గోస్తనీ బొర్రా గుహల దగ్గర పుట్టి భీమిలిలో సముద్రంలో కలిసేస్తుంది. కొండవాలు మీద కురిసింది గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, పడి పరుగందుకుంటుంది. నేల కింద ఖొండలైటు రాయి. అది పైన చివికి మెత్తబడిన మేరకే నీరు పట్టుకుంటుంది. ఆ చివికిన పొర చాలాచోట్ల బంకమన్నులా తయారై నీటిని తొందరగా దిగనివ్వదు. గోదావరి డెల్టాలోలాగా అడుగున ఇసక మేటలు లేవు. అందుకే ఇక్కడి పాతవాళ్లు ఒకే ఒక్క పని మీద శ్రద్ధ పెట్టారు, పారే నీటిని అడుగడుగునా ఆలస్యం చెయ్యడం. మీద చెరువు, దాని కింద బంద అనే చిన్న కుంట, బంద కింద పొలం గట్టు. వేసవిలో నుయ్యి ఊరిందంటే ఆ ఆలస్యం చలవే.

ఇప్పుడు కొత్తవలస విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలో ఉంది. కిరండూల్ రైలు లైను చీలే జంక్షను, నగరానికి దగ్గర, భూమికి గిరాకీ. పొలాలు లేఅవుట్లవుతున్నాయి. ఇందులో తప్పు పట్టేముందు ఒక లెక్క చూడాలి. పది ఎకరాల పల్లపు పొలమంటే దాదాపు 40,000 చదరపు మీటర్లు. గట్టు లోపల 15 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 60 లక్షల లీటర్లు, అదీ ఒక్క తడవకి. ఉభాల, అంటే వరినాట్ల, రోజుల్లో ఆ పొలం ఎన్నిసార్లు నిండి ఎన్నిసార్లు ఇంకుతుందో రైతుని అడగాలి. ఆ పొలాన్ని చదును చేసి, సిమెంటు రోడ్డు వేసి, పక్కన కాలవ కట్టి ప్లాట్లుగా అమ్మేస్తే 60 లక్షల లీటర్లు పట్టే పాత్ర మాయమైపోతుంది. ఏ పట్టాలోనూ ఆ పాత్ర పేరు లేదు కాబట్టి పోయిందని ఎవరూ రాసుకోరు. వ్యవసాయ భూమిని మార్చుకునేందుకు 2006 నాటి చట్టం కింద వసూలు చేసిన నాలా రుసుం కూడా భూమి ధర మీద కట్టిందే, నీటి ఊసు అందులో లేదు. పొలంగా ఉన్నన్నాళ్లూ దాని గట్టు ఊరందరి నూతుల కోసం పనిచేసింది. అమ్మకం ధర ఒకరికే వచ్చింది. రైతు దురాశపరుడనో వ్యాపారి దుర్మార్గుడనో నేననడం లేదు. లేదనుకున్న అప్పుని ఎవరు మాత్రం తీరుస్తారు?

మన సంప్రదాయం నీటిని పట్టించుకోలేదని అనడానికి లేదు. యజ్ఞాలూ హోమాలూ ఇష్టమనీ, బావులూ చెరువులూ తోటలూ గుళ్లూ పూర్తమనీ ధర్మశాస్త్రాలు విడదీసి రెంటికీ గౌరవమిచ్చాయి. సప్తసంతానాలనే ఏడింటి జాబితాలో కొడుకు సరసన చెరువుకి చోటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ ఆలోచనకి పరాకాష్ఠ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు మీద రోజుకి వెయ్యిమంది కూలీలు, నూరు బళ్లు, రెండేళ్లు పనిచేశారని చెబుతుంది. జలదానం ఎంత పుణ్యమో కీర్తిస్తుంది. అక్కడితో ఆగకుండా మంచి చెరువుకి పన్నెండు అంగాలూ చెడ్డ చెరువుకి ఆరు దోషాలూ లెక్కపెడుతుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండడం అంగాల్లో ఒకటి. నీరు కొంచెమై కింద పారవలసిన నేల విస్తారం కావడం ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు పడడం ఇంకో దోషం. చెరువు గట్టు ఒక శాఖది, గర్భం ఇంకో శాఖది, పక్కన వచ్చే లేఅవుటుకి అనుమతి మూడో కార్యాలయానిది అయిన చోట ఈ చివరి దోషానికి ఇంకా నూరేళ్లు నిండలేదనే అనుకోవాలి.

ఇంత గొప్ప సంప్రదాయం ఉండి చెరువులు ఎందుకు పూడిపోయాయి? తెల్లవాళ్ల పాలననీ, ఆ తరవాతి ప్రభుత్వాలనీ అనడం తేలిక, అందులో నిజమూ ఉంది. విజయనగరం సంస్థానంలాంటి ఎస్టేట్లు 1948 నాటి మద్రాసు చట్టంతో రద్దయినప్పుడు చెరువులు సర్కారు చేతికొచ్చాయి. జమీందారు పోయాడు, ఊరి ఉమ్మడి బాధ్యతా సడలింది. కానీ పుణ్యం అనే ఊహలోనే ఒక లోపం ఉంది. పుణ్యం కట్టించినవాడికి వస్తుంది. శాసనం మీద వాడి పేరు చెక్కుతారు. నలభై ఏళ్ల తరవాత ఒండ్రు తీసినవాడికి, మదుము బాగుచేసినవాడికి, గండి పడ్డ రాత్రి గట్టు మీద కాపలా ఉన్నవాడికి ఏ శాసనం ఉంది? సప్తసంతానాల జాబితా చెరువుని కనమంటుంది గాని, కన్న తరవాతి పెంపకం మాట ఎత్తదు. ముండకోపనిషత్తు ఇంకాస్త ముందుకెళ్లి, ఇష్టాపూర్తాలే అన్నిటికన్నా గొప్పవనుకునే వాళ్లని మూఢులంటుంది. సంపాదించిన పుణ్యం ఖర్చయ్యాక మళ్లీ కిందికి దిగక తప్పదంటుంది. ఉపనిషత్తు మాట్లాడింది మోక్షం గురించి. అయినా ఆ విమర్శ చెరువుకీ వర్తిస్తుంది. లాభం కోసం చేసిన పని లాభం చేతికందగానే ఆగిపోతుంది.

ఈ విషయంలో కౌటిల్యుడు పురాణాల కన్నా తెలివైనవాడు. కొత్త చెరువు కడితే అయిదేళ్ల పన్ను మినహాయింపు, పాడుబడ్డదాన్ని బాగుచేస్తే నాలుగేళ్లు, తుప్పలు పెరిగినదాన్ని శుభ్రం చేస్తే మూడేళ్లు అన్నాడు. కట్టడానికీ బాగుచెయ్యడానికీ మధ్య ఒక్క ఏడాదే తేడా. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఊరంతా కలిసి కట్ట వేస్తున్నప్పుడు తప్పుకున్నవాడి ఎడ్లూ కూలీలూ పనికి రావలసిందే, ఖర్చులో వాడి వాటా వాడు భరించవలసిందే, లాభంలో మాత్రం వాడికి భాగం లేదు. ఇందులో పుణ్యం ప్రసక్తే లేదు. నీ ఇష్టం అనే మాటే లేదు. ఇది బాకీ వసూలు.

ఆ బాకీకి వేదంలోనే మూలం ఉంది. బ్రాహ్మణుడు దేవతలకీ ఋషులకీ పితరులకీ అప్పుపడి పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది, శతపథ బ్రాహ్మణం సాటి మనుషుల అప్పుని కూడా చేర్చింది. గీత మూడో అధ్యాయంలో అన్నం వల్ల ప్రాణులు, వాన వల్ల అన్నం, యజ్ఞం వల్ల వాన, కర్మ వల్ల యజ్ఞం అంటూ ఒక చక్రం తిరుగుతుంది. తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా తినేవాణ్ణి గీత దొంగ అంటుంది, ఆ చక్రాన్ని తిప్పనివాడి బతుకు వ్యర్థమంటుంది. హోమధూమం మబ్బవుతుందని దీన్ని వ్యాఖ్యానించేవాళ్లున్నారు. ఆ వ్యాఖ్య నాకు అక్కర్లేదు, దానికి శాస్త్రం మద్దతూ లేదు. చక్రం అనే ఊహ నిలబడడానికి పొగ అవసరం కాదు. తీసుకున్నది తీసుకున్న దారిలోనే తిరిగి చేరాలి అన్నదే అందులోని సారం. నేల లోంచి బోరుతో తోడిన నీటికి బదులు నేలలోకే వెళ్లాలి. గుడికి ఇచ్చిన విరాళంతో ఈ అప్పు తీరదు, ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో జమకాదు. పుణ్యానికీ అప్పుకీ అసలు తేడా ఇక్కడే. పుణ్యం చెయ్యకపోతే ఎవరూ అడగరు. అప్పైతే ఇచ్చినవాడు గుమ్మంలోకొచ్చి అడగవచ్చు. వాన విషయంలో ఇచ్చినవాడు దేవుడొక్కడే అనుకుంటే అడిగేవాడు లేడు. గెడ్డ దిగువన ఉన్న రైతూ, వచ్చే వేసవిలో నూతిలోకి చేద వేసే మనిషీ, ఇంకా పుట్టని పిల్లలూ ఇచ్చినవాళ్లే అనుకుంటే అడిగే హక్కు ఎవరిదో తేలిపోతుంది.

పుణ్యం ఎంత పెద్దదైనా ఈ అప్పుని మాఫీ చెయ్యలేదనడానికి తిరుపతి కేసు మంచి సాక్ష్యం. తిరుపతి శివార్లలో పేరూరు చెరువు, అవిలాల చెరువు అని రెండు పాత చెరువులున్నాయి. 1991లో ప్రభుత్వం పేరూరు చెరువు భూమిని ఉద్యోగుల ఇళ్ల కోసం తిరుమల తిరుపతి దేవస్థానానికీ, 1994లో అవిలాల చెరువు భూమిని హౌసింగ్ బోర్డుకీ ఇచ్చింది. ఊళ్లో ఆలోచనాపరుల సంఘం ఒకటి కోర్టుకెళ్లింది. చెరువులు ఎప్పుడో ఎండిపోయాయని అవతలి పక్షం వాదన. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇలాంటి వనరులకి ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫు ధర్మకర్త మాత్రమేనని చెప్పి, ఇకపై కట్టడాలు ఆపమంది, కట్టేసిన ఇళ్లకి పైకప్పు వాననీటిని పట్టి నేలలోకి పంపే ఏర్పాటు తప్పనిసరి చేసింది. గుడి సిబ్బందికి నీడ కల్పించడం మంచి పనే. అయినా ఆ మంచి పని నీటి బాకీకి చెల్లుబాటు కాలేదు. దేవుడి పేరు మీద చేసినా చెరువు చెరువే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారు పెద్దచెరువులోంచి వెలిశారని జనం నమ్మకం, తెప్పోత్సవం అక్కడే జరుగుతుంది. ఉత్సవం పేరిట చెరువు మిగలడం మంచిదే గాని, ఉత్సవం లేని వందలాది బందల సంగతేమిటన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇక ఆక్షేపణలు. మాకు గోదావరి నీళ్లొస్తాయి కదా అన్నది మొదటిది. పోలవరం ఎడమ కాలవ నుంచి నీటిని తెచ్చి ఉత్తరాంధ్రలో 8 లక్షల ఎకరాలకి ఇవ్వాలని ఉత్తరాంధ్ర సుజల స్రవంతిని తలపెట్టింది 2009లో. ఆ నీళ్లు రావాలి. వచ్చినా మోటార్లతో ఎత్తిపొయ్యాలి, ఏటా కరెంటు బిల్లు కట్టాలి, ఎగువ రాష్ట్రాలతో తగవు పడాలి. నెత్తిన ఉచితంగా పడ్డదాన్ని గెడ్డలోకి తోసేసి దూరపు నదిని పైసలిచ్చి పిలవడం పాత అప్పు తీర్చకుండా కొత్త అప్పు చెయ్యడమే. పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషం, నీరు కొంచెమై పారకం ఎక్కువ కావడం, పెద్ద ప్రాజెక్టుల కాగితాల మీద కూడా జరుగుతుంది.

ఇంటింటికీ ఇంకుడుగుంత అనేది వట్టి తంతు అన్నది రెండో మాట, ఇందులో సగం నిజముంది. లెక్క మాత్రం చిన్నదేం కాదు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 1,100 మిల్లీమీటర్లు పడితే 1,10,000 లీటర్లు, నూటికి 80 పాళ్లు పట్టినా 88,000. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకి 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి ఏడాదంతా కలిపి 80,300. కానీ ఆ నీరు ఏడాదంతా సమంగా రాదు, వానాకాలంలో కుప్పగా వస్తుంది. దాన్ని దాచేది తొట్టి కాదు, నేల. ఇక్కడి బంకపొరలో మూడడుగుల గుంత తవ్వి కంకర పోస్తే ఫొటోకి పనికొస్తుంది, అంతే. తమిళనాడు 2003లో ప్రతి ఇంటికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. చెన్నైలో భూగర్భ జలం కొంత కోలుకుంది. అయినా 2019 వేసవిలో నగర జలాశయాలు ఎండిపోయాయి, నీళ్ల కోసం రైళ్లు నడపాల్సొచ్చింది. ఇంటి గుంత తప్పు కాదు, చెరువుకి అది బదులు కాదు. పేదవాడి రేకుల ఇంటికి గుంత తప్పనిసరి చేసి, పది ఎకరాల లేఅవుటుకి ఓ మూల చిన్న పార్కు చాలనడం అన్యాయం కూడా. అప్పు తీసుకున్న మేరకే ఉంటుంది. ఎవరు ఎంత నేలని కప్పేశారో, ఎంత లోతున బోరు వేశారో దాన్ని బట్టే వాళ్ల వాటా.

లౌకిక రాజ్యంలో నీటి విధానానికి వేదమూ గీతా ఎందుకు అని అడిగేవాళ్లకి నా సమాధానం చిన్నది. ఈ అప్పు ఒక మతం సొత్తు కాదు. పారే ఏటి ఒడ్డున వజూ చేసినా నీరు దుబారా చెయ్యకూడదని ఇస్లాం సంప్రదాయం, నీరూ మేతా నిప్పూ అందరికీ ఉమ్మడి అన్నదీ అదే. సుప్రీంకోర్టు ధర్మకర్తృత్వం అన్నది ఏ గ్రంథాన్నీ పట్టుకుని కాదు. నిజానికి ఇక్కడ అడ్డుపడుతున్నది మతం కాదు, 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం. నేల ఎవరిదో ఆ నేల కింది నీరూ వాళ్లు తోడుకోవచ్చన్న ఊహ దానిది. అదీ ఒక నమ్మకమే, బహుశా గుడిలో వినిపించేవాటికన్నా మొండిది.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ దిగువ నుంచి వస్తుంది. ఎగువన అందరూ వానని పట్టేసుకుంటే కింది చెరువు నిండేదెలా? గోస్తనీ మీది తాటిపూడి జలాశయం విశాఖకి తాగునీరిస్తుంది. దాని మీది ఊళ్లన్నీ కట్టలు వేసుకుంటే నగరం గొంతెండదా? ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యలేం, చెక్‌డ్యాముల మీద చెక్‌డ్యాములు కట్టిన చోట్ల దిగువ చెరువులు నిజంగానే నష్టపోతాయి. అప్పు అనే ఊహే ఇక్కడ దారి చూపిస్తుంది, పుణ్యం చూపించలేదు. ఎన్ని చెరువులు తవ్విస్తే అంత పుణ్యం, దానికి పైమితి లేదు. అప్పుకి మితి ఉంది. పొలం గట్టు ఒకప్పుడు ఎంత నీటిని ఆపేదో అంతే ఆపాలి, మిగతాది అలుగు మీదుగా వదలాలి. అటువైపు నగరానికీ బాకీ ఉంది. ఎగువ కొండల అడవినీ గెడ్డల గట్లనీ కాపాడేవాళ్లకి, తాగిన నీటి బిల్లులో ఒక పాలు విశాఖ ఇవ్వాలి. ఈ రెండు వైపుల లెక్క ఒక కోతలో తేలదు, పేచీలుంటాయి. పేచీ ఉండడం మంచిదే, ఎవరిది ఎంత అని అడగడం మొదలైనట్టు.

చట్టాలు కొత్తగా అక్కర్లేదు. నీటి వినియోగదారుల సంఘాలకి 1997 నాటి రైతుల యాజమాన్య చట్టం ఉంది, వాననీటి సంరక్షణకి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. లేనిది ఖాతా. కొత్తవలస మండలంలో ప్రతి చెరువుకీ బందకీ దాని గట్టు పొడవు, గర్భం హద్దులు, నీరు దిగే గెడ్డ, ఒండ్రు లోతు రాసిన చిట్టా పంచాయతీలో ఉండాలి. పది ఎకరాలు లేఅవుటు అయితే పోయిన 60 లక్షల లీటర్ల చోటు ఆ లేఅవుటులోనో, అదే గెడ్డ మీద ఇంకోచోటో తవ్వి చూపించాలి, అనుమతి కాగితం ఆ తరవాతే. ఒండ్రు తీసిన ఊరికి కౌటిల్యుడి పద్ధతిలో ఇంటిపన్ను కొన్నేళ్లు తగ్గించాలి, కొత్త చెరువు తవ్వినదానికి తక్కువ కాకుండా. ఆ చిట్టాని ఏటా రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే, గ్రామసభలో గట్టిగా చదవాలి. చదవని పంచాయతీలో ఆ ఏడు ఒక్క ప్లాటుకీ సంతకం పడకూడదు.